అక్క మంచిగనే ఉన్నది

తమ్ముడికి నాలుగేళ్లు నిండినా మాట రాలేదు. పేరు పెట్టి పిలిస్తే తిరిగి చూసేవాడు కాదు. నల్లా వచ్చే వేళకు మాత్రం ఎక్కడున్నా పరుగెత్తుకొచ్చి, బిందెలో పడే ధార ముందు గొంతుక్కూర్చుని, చేతులు రెండూ భుజాల దగ్గర ఆడిస్తూ ఉండేవాడు. గౌలిపురలో మా గల్లీవాళ్లు తలొక మాట చెప్పారు. మగపిల్లలకు మాట ఆలస్యమని ఒకరు, దిష్టి తగిలిందని ఒకరు. అమ్మ గుడిలో మొక్కింది, దర్గాలో దారం కట్టించింది. చివరికి బాపు తన ఆఫీసులో ఎవరో చెబితే విని, పెద్ద సర్కారు ఆసుపత్రికి తీసుకుపొమ్మన్నాడు. బాపు కరెంటు ఆఫీసులో లైన్‌మన్. ఆ రోజు ఆయనకు సెలవు దొరకలేదు. నన్ను ఇంట్లో ఒక్కదాన్నే వదల్లేక అమ్మ వెంట తీసుకుపోయింది. నాకప్పుడు తొమ్మిదేళ్లు.

మధ్యాహ్నం దాకా వరండాలో కూర్చున్నాక లోపలికి పిలిచారు. పెద్ద వయసు డాక్టరు, ఆయన చుట్టూ చదువుకుంటున్న కుర్ర డాక్టర్లు. గది మధ్యలో చాప, దాని మీద బుట్టెడు బొమ్మలు. తమ్ముణ్ణి చాప మీద దింపి ఏం చేస్తాడో చూశారు. వాడు కారుబొమ్మను తిరగేసి, చక్రాన్ని వేలితో తిప్పుతూ చెవి దగ్గర పెట్టుకుని విన్నాడు. తర్వాత కార్లన్నీ గోడ వెంబడి ఒకదాని వెనక ఒకటి పేర్చాడు. పెద్ద డాక్టరు ఇంగ్లిషులో ఏదో చెప్పాడు. కుర్ర డాక్టర్లు రాసుకున్నారు.

నన్ను కిటికీ పక్కన బెంచీ మీద కూర్చోబెట్టి, విసుగు రాకుండా ఒక డబ్బా చేతికిచ్చారు. అందులో ప్లాస్టిక్ జంతువులు. నేను వాటిని ఎత్తును బట్టి నిలబెట్టాను. అన్నింటి ముఖాలూ ఒకే వైపుకు ఉండాలి. జిరాఫీ మెడ వంకరగా ఉంది. అది ఉన్నంతసేపూ వరుసంతా తప్పుగా కనబడింది. దాన్ని డబ్బాలో పడేసి మళ్లీ మొదటి నుంచీ పేర్చాను. నర్సు ఒకామె వెళ్తూ వెళ్తూ చెంగు తగిలించి రెండింటిని పడగొడితే, నాకు ఏడుపొచ్చింది కాని ఏడవలేదు. మళ్లీ పేర్చాను.

డాక్టరు లేచి చేతులు కడుక్కుంటూ అది చూశాడు. "చూడమ్మా, ఈ పాప ఎంత బుద్ధిగా సర్దిందో. అక్క మంచిగనే ఉన్నది. వీడు అక్కను జూసి నేర్చుకుంటడు. నువ్వు ఫికర్ చెయ్యకు" అన్నాడు అమ్మతో.

తిరిగొచ్చేటప్పుడు బస్సులో అమ్మ ఏడ్చింది. ఒడిలో తమ్ముడు, పక్కన నేను. చార్మినార్ దగ్గరికి వచ్చేసరికి కళ్లు తుడుచుకుని నా తలమీద చెయ్యి పెట్టింది. "నీ మీదనే ఉన్నది బిడ్డా. తమ్మున్ని నువ్వే మంచిగ జెయ్యాలె." నేను తలూపాను. అది మామూలు పనే అనుకున్నాను, నీళ్లు పట్టమన్నట్టో, ఉల్లిగడ్డ తెమ్మన్నట్టో.

డాక్టరు చీటీ మీద రాసిచ్చిన ఆటిజం అనే మాట అప్పటికి మా గల్లీలో ఎవరూ వినలేదు. అమ్మ కూడా ఆ మాటను ఎప్పుడూ సరిగ్గా పలకలేదు. కాని తమ్ముణ్ణి మాత్రం అక్షరం అక్షరం చదువుకుంది. మిక్సీ మోత వాడికి పడదు. ఉన్ని బట్ట పడదు. అన్నంలో కూర కలిస్తే పడదు. ఇంటికి ఎవరైనా వచ్చి వాడి బుగ్గ పట్టుకోబోతే, "వానికి పడది" అని అమ్మ అడ్డం వచ్చేది. ఆ మాటకు మా ఇంట్లో ఎదురు లేదు. బోనాల పండుగ వస్తే మా పక్కనే లాల్ దర్వాజ, గల్లీ గల్లీకి డప్పులు, మైకులు. ముందు రోజే అమ్మ తమ్ముణ్ణి తీసుకుని ఊరి బయట మేనత్త ఇంట్లో దింపి వచ్చేది. నన్ను కొత్త లంగా జాకెట్ వేసి, జడలో పూలు పెట్టి, ఆడపిల్లలతో పాటు ఊరేగింపులో నడిపించేది. డప్పు దెబ్బ ఒక్కొక్కటీ నా పళ్లలో మోగేది. పూల కింద కనబడకుండా చెవుల్లో దూది పెట్టుకునేదాన్ని. ఒక ఏడు రోడ్డు మధ్యలోనే వాంతి చేసుకున్నాను. ఎండదెబ్బ అన్నారు. "నాకు గుడ పడది అమ్మా" అని ఆ సాయంత్రం చెప్పాను.

"నీకేమైంది? పెద్దదానివి గద" అంది అమ్మ. కోపంగా కాదు, నిజంగానే అర్థం కాక.

వాణ్ణి చూసి ఇంటికొచ్చినవాళ్లు జాలిపడేవాళ్లు. నన్ను చూసి ఏమంటారోనని అమ్మ భయపడేది. "మనుషులొస్తే జర నవ్వాలె. నీళ్లియ్యాలె, మంచిగున్నరా అని అడగాలె. ఆడపిల్ల మొఖం గట్ల వెట్టుకుంటే ఏమనుకుంటరు?" అని మళ్లీ మళ్లీ చెప్పేది. నేను బీరువా అద్దం ముందు నిలబడి నవ్వు నేర్చుకునేదాన్ని. పెదాలు ఎంత లాగాలి, ఎంతసేపు ఉంచాలి. అద్దంలో అది ఎప్పుడూ పంటినొప్పి ఉన్నవాళ్ల ముఖంలా ఉండేది.

సరైన నవ్వు నాకు ఎదురింటి పిల్ల దగ్గర దొరికింది.

ఆమెది నా వయసే. వాళ్ల నాన్న ఇంట్లోనే లక్క గాజులు చేసి లాడ్ బజార్‌లో దుకాణానికి పంపేవాడు. మేమిద్దరం ఒకే బడి, ఒకే తరగతి. ఆమె ఎక్కడ నిలబడితే అక్కడ నలుగురు చేరేవాళ్లు. ఆమె నవ్వేముందు తల కాస్త వెనక్కి వంచి, అరచేతిని గొంతు మీద పెట్టుకునేది. ఎవరైనా బాధ చెప్పుకుంటే "హాయ్ అల్లా, సచ్చీ?" అని కళ్లు పెద్దవి చేసేది. నేను ఆమె పక్కన కూర్చుని ఇవన్నీ గమనించేదాన్ని. ఇంటికొచ్చి అద్దం ముందు చేసుకునేదాన్ని. మర్నాడు ఇంకొకరి దగ్గర వాడేదాన్ని. పనిచేసేవి. నేను మొదటిసారి అలా నవ్వినప్పుడు మా టీచరు, "ఈ పిల్ల ఇప్పుడిప్పుడే కలుస్తున్నది" అంది.

ఎదుటివాళ్ల కళ్లలోకి చూడటం నాకు చేతనయ్యేది కాదు. చూస్తే మాట వినబడేది కాదు, వింటే చూడలేకపోయేదాన్ని. దానికి కూడా ఆమే ఉపాయం చెప్పింది. "ఆంఖ్ మే నక్కో దేఖ్‌గే, కళ్లల్ల చూడకు. నాక్ మీద చూడు, ముక్కుపుల్ల ఉంటది గదా, అక్కడ. వాళ్లకు తెల్వనే తెల్వది" అంది. ఆ ఉపాయంతోనే బడి, కాలేజీ గడిచిపోయాయి.

ఇంటికి రాగానే మాత్రం నేను బాత్రూంలో గొళ్లెం పెట్టుకుని, చల్లని సిమెంటు గోడకు నుదురు ఆనించి నిలబడేదాన్ని. బుగ్గ లోపలి చర్మాన్ని రక్తం వచ్చేదాకా కొరుక్కునేదాన్ని. బయట అమ్మ తమ్ముడితో "ఆ... అమ్మ... అను" అని మాట నేర్పిస్తూ ఉండేది. నేను ఎంతసేపున్నా ఎవరూ తలుపు కొట్టలేదు. ఊకుండే పిల్ల కదా.

డిగ్రీ రెండో ఏడులో ఉండగా ఎదురింటి దోస్తుకు పెళ్లి కుదిరింది. కుదిరినప్పటి నుంచీ ఆమె నాతో మాటలు తగ్గించింది. పెళ్లి పనులు కాబోలు అనుకున్నాను. పెళ్లయి బీదర్ వెళ్లిపోయింది. నంబరు కూడా ఇవ్వలేదు. ఆమె వెళ్లాక కాలేజీలో నేను ఎవరిలా ఉండాలో తెలియలేదు. కొన్నాళ్లు ఇంకో అమ్మాయిని చూసి నడుచుకున్నాను. ఆమె రెండు రోజులకే "ఏంది, ఊకె నన్నే చూస్తవ్" అని బెంచీ మారింది. తర్వాత కాలేజీకే పోవడం మానేసి, పరీక్షలు మాత్రం రాశాను.

ఆ మరుసటి ఏడు బాపు డ్యూటీలో ఉండగానే గుండె ఆగి పోయాడు. ఆయన ఉద్యోగం మామూలుగా కొడుక్కు రావాలి. తమ్ముడు చేయలేడు గనక నాకిచ్చారు. జూనియర్ అసిస్టెంట్. "కొడుకు లెక్క ఇల్లు జూస్తున్నది" అని బంధువులు మెచ్చుకున్నారు. ఆఫీసులో నాకు ఒక మూల బల్ల దొరికింది. వచ్చిన కాగితం వచ్చినట్టు పని చేసుకుపోయేదాన్ని. మధ్యాహ్నం ఆడవాళ్లంతా డబ్బాలు విప్పి కూర్చునే వేళ నాకు గండంలా ఉండేది. ఎప్పుడు మాట కలపాలో తెలిసేది కాదు, కలిపితే అందరూ ఒక్కసారి ఆగిపోయి నన్ను చూసేవాళ్లు.

పెళ్లి చేశారు. సికింద్రాబాద్ వైపు వాళ్లు, ఉమ్మడి కుటుంబం, మంచివాళ్లే. ఆ ఇంట్లో తలుపులు వేసుకునే అలవాటు లేదు. టీవీ ఎప్పుడూ మోగుతుండేది. పొద్దున లేచిన దగ్గర్నుంచి పడుకునేదాకా ముఖం సర్దుకునే ఉండాలి. గౌలిపురలోలా గొళ్లెం పెట్టుకుని నిలబడే చోటు లేదు. కొన్ని నెలలకు నాకు మాట ఆగిపోవడం మొదలైంది. అడిగింది అర్థమయ్యేది, జవాబు లోపల తయారయ్యేది, నోటి దాకా వచ్చేది కాదు. అత్తగారు దాన్ని పొగరనుకున్నారు. మా ఆయన ఒకసారి, "నాతో ఉన్నట్టే ఉండవు నువ్వు. గోడతో కాపురం చేసినట్టున్నది" అన్నాడు. డాక్టరు దగ్గరికి తీసుకుపోతే డిప్రెషన్ అని మాత్రలు రాశాడు. మాత్రలు మింగి పగలంతా నిద్రపోయాను. ఏడాది దాటాక వాళ్లే తెచ్చి దింపారు. కోర్టులో కాగితాలు కూడా గొడవ లేకుండా అయిపోయాయి. అమ్మ నన్ను ఒక్క మాట అనలేదు. "పోనీ, తమ్మునికి తోడుంటవ్" అంది.

అప్పటి నుంచి మేం ముగ్గురం.

రెండేళ్ల కింద తమ్ముడికి నిద్ర తగ్గిపోయి, చేతులు కొరుక్కోవడం మొదలుపెట్టాడు. వాడిప్పుడు ముప్పై దాటిన మనిషి, అమ్మ పట్టుకుంటే ఆగడు. కొత్త సిటీ వైపు ఒక క్లినిక్‌లో మంచి సైకాలజిస్టు ఉందని విని ఇద్దరం కలిసి తీసుకుపోయాం. గది గుమ్మం దాకా వచ్చి వాడు ఆగిపోయాడు. అమ్మ బతిమాలింది, వాడు కదల్లేదు. నేను లోపలికి వెళ్లి గోడకున్న స్విచ్చు కట్టేశాను. పైన ఫ్యాను తిరగడం ఆగింది. వాడు వచ్చి కూర్చున్నాడు.

ఆ సైకాలజిస్టు నా ఈడుదే, చిన్న గొంతు. "ఫ్యానని మీకెలా తెలిసింది?" అని అడిగింది.

"ప్రతి తిప్పుకు టిక్కుమంటుంది కదా మేడం."

"నాకు వినబడదు. మూడేళ్ల నుంచి ఇదే గదిలో కూర్చుంటున్నాను." ఆమె కాసేపు నన్ను చూసింది. "మీకు చిన్నప్పటి నుంచీ ఇలాగేనా?"

తమ్ముడి పని అయ్యాక, అమ్మ వాడికి చెప్పులు వేస్తుండగా, ఆమె నన్ను ఒక్కదాన్నే ఆపింది. నాకోసం వేరుగా ఒకరోజు రమ్మంది. ఎందుకో నాకు అర్థమైంది. తమ్ముడికున్నదే నాకూ ఉందేమోనని ఆమె అనుమానం.

నమ్మలేక ముందు మా ఆఫీసు దగ్గర పేరున్న మానసిక వైద్యుడి దగ్గరికి పోయాను. ఆయన నా మాట సగం విని నవ్వాడు. "మీరు నా కళ్లలోకి చూసి మాట్లాడుతున్నారు. డిగ్రీ ఉంది, ఉద్యోగం చేస్తున్నారు, పెళ్లి కూడా అయింది. అది మగపిల్లల్లో చూస్తామమ్మా. మీ తమ్ముణ్ణి చూసి చూసి మీకూ ఉందనుకుంటున్నారు. కాస్త యోగా చేయండి" అన్నాడు. ఆయన కళ్లద్దాల మధ్య, ముక్కు మీద ఉన్న ఎర్రటి గీతను చూస్తూ నేను తలూపాను. అరచేతిని గొంతు మీద పెట్టుకుని నవ్వి, థాంక్స్ చెప్పి బయటికొచ్చాను. ఆ నవ్వు నాది కాదని చెప్పాలని మెట్లు దిగాక తోచింది.

నెల రోజులు ఊరుకుని, ఆ సైకాలజిస్టు దగ్గరికే వెళ్లాను. ఆ మానసిక వైద్యుడు అన్న మాట చెప్పాను. ఆమె ఆశ్చర్యపోలేదు. "మేం చదువుకున్న లక్షణాలు చాలావరకు మగపిల్లలను చూసి రాసినవే. రైళ్లంటే పిచ్చి ఉన్న పిల్లాణ్ణి వెంటనే పట్టుకుంటాం. మూల కూర్చుని బొమ్మకు జడలు విప్పి అల్లి, విప్పి అల్లే పిల్లను బుద్ధిమంతురాలంటాం. పైగా ఆడపిల్లలకు ఇంట్లోనే శిక్షణ మొదలవుతుంది, నవ్వు, పలకరించు, సర్దుకో అని. వాళ్లు దాచుకోవడం నేర్చుకుంటారు. బయట దాచింది ఇంట్లోనో ఒంట్లోనో బయటపడుతుంది. అప్పుడు దానికి వేరే పేర్లు పెడతాం" అంది. చాలాసార్లు పిలిపించి మాట్లాడింది. చివరికి, "ఇది పుట్టుకతో వచ్చేది. చిన్నప్పుడు కూడా ఉందని తేలాలి. మిమ్మల్ని చిన్నతనంలో దగ్గరగా చూసినవాళ్లు ఎవరైనా చెప్పాలి. అమ్మగారిని తీసుకురండి" అంది.

తమ్ముణ్ణి ఇంట్లో వదల్లేం. ముగ్గురం పోయాం. వాడు మూల కుర్చీలో కూర్చుని గ్లాసులోని నీళ్లను అటూ ఇటూ వంచి చూసుకుంటున్నాడు.

"మీ పాప మొదటి మాట ఎప్పుడు మాట్లాడిందమ్మా?" అని ఆమె అమ్మను అడిగింది.

"నల్లా అన్నడు మేడం" అంది అమ్మ వెంటనే. ముఖం వెలిగిపోయింది. "అయిదేండ్లు దాటినంక. బక్రీద్ ముంగట దినం. నేను బట్టలు పిండుతున్న. ఎనక నుంచి వచ్చి, నల్లా అన్నడు. చేతులున్న చీర గట్లనే ఇడ్సిపెట్టి..."

"బాబు గురించి కాదమ్మా. పాప గురించి."

అమ్మ నన్ను చూసింది, అక్కడ ఇంకెవరో ఉన్నారని అప్పుడే తెలిసినట్టు.

"ఈమెనా? ఈమె టైముకే మాట్లాడింది మేడం. అందరు పిల్లల లెక్కనే."

"ఏం మాట? ఏ వయసులో?"

"ఏడాదికో... ఏడాదిన్నరకో. యాదికి లేదు."

"ఏం ఆటలు ఆడేది?"

"ఆటలంటే... ఇంట్ల పని జేసేది. తమ్మున్ని ఎత్తుకునేది."

"దేనికైనా బాగా భయపడేదా? చప్పుళ్లు, జనం, బట్టలు, తిండి, వీటిలో ఏదైనా పడకపోయేదా?"

"ఏం లే మేడం. ఈమెతోని నాకు ఏ తకలీఫ్ లేకుండె. ఏమిస్తే గది తిన్నది, ఏం జెప్తే గది జేసింది. ఊకుండేది."

సైకాలజిస్టు ఇంకా కొన్ని అడిగింది. అమ్మ ప్రతిదానికీ నిజంగా ఆలోచించింది. నుదురు ముడుచుకుని, చీరకొంగు వేలికి చుట్టుకుంటూ, ఎక్కడో వెతుకుతున్నట్టు. ఏమీ దొరకలేదు. తమ్ముడి విషయంలో ఏ జ్వరం ఏ వారం వచ్చిందో చెప్పగల మనిషి, నా గురించి ఒక్క రోజును కూడా చేతికి తీసుకోలేకపోయింది. అబద్ధం చెప్పలేదు, దాచలేదు. అక్కడ ఏమీ లేదు, అంతే. నేను టేబుల్ అంచు చూస్తూ కూర్చున్నాను. నా బాల్యం జరిగిందో లేదో నాకే అనుమానం వచ్చింది.

ప్రశ్నలు ఎటు పోతున్నాయో చివరికి అమ్మకు అర్థమైంది. ముఖం ఎర్రబడింది. "ఏంది మేడం, నా బిడ్డకు గుడ గదే పేరు వెడ్తరా? ఒక్కనితోని సాలదా? ఉద్యోగం జేస్తది, ఇల్లు నడుపుతది. ఈమెకేం గాలేదు" అని లేచి, తమ్ముడి చెయ్యి పట్టుకుని బయటికి నడిచింది.

అమ్మ కాకపోతే ఇంకెవరూ లేరా అని సైకాలజిస్టు అడిగింది. బాపు లేడు. మేనత్త దగ్గరగా చూసింది తమ్ముణ్ణే. "ఒకరున్నారు" అన్నాను.

వాళ్లు ఎదురిల్లు అమ్మేసి చాలా కాలమైంది. లాడ్ బజార్‌లో దోస్తు వాళ్ల అన్న గాజుల దుకాణం నడుపుతున్నాడని తెలుసు. ఆదివారం పొద్దున, జనం రాకముందే పోయాను. నన్ను గుర్తుపట్టి, "అరే, బైఠో బహెన్" అని స్టూలు వేశాడు. ఆమె బీదర్ నుంచి తిరిగొచ్చి పిల్లలతో యాకుత్‌పురలో ఉంటోందని చెప్పాడు. నంబరిచ్చాడు. ఫోన్ చేసి విషయం చెబితే ఆమె ఏ రోజో, ఎక్కడికో అడిగింది. తర్వాత, "వస్త" అంది.

ఆటోలో ఇద్దరం పక్కపక్కన కూర్చున్నాం. ఆమె బురఖా ముసుగు పైకెత్తింది. ముఖం నిండింది, కళ్ల కింద నలుపు. "ఏం చెప్పాలె నేను?" అంది.

"ఏం యాదికుంటే గది."

ఆమెకు అన్నీ గుర్తున్నాయి. సైకాలజిస్టు అడగడమే ఆలస్యం. "యూనిఫాం కాలర్ ఎనక పట్టీ ఉంటది గదా మేడం, అది పళ్లతోని కొరికి పీకేసేది. గుచ్చుతది అనేది. నేను బడికి రాని రోజు ఈమె ఎవ్వరితోని మాట్లాడకపోయేది. బాత్రూమ్‌ల ఎనక గోడకు మొహం పెట్టి నిలబడ్తదని పోరీలు నాకు చెప్పెటోళ్లు. బెల్లు మోగినప్పుడల్లా ఉలిక్కిపడేది, రోజూ మోగే బెల్లుకే."

"మీతో ఎలా ఉండేది?"

దోస్తు నా వైపు చూడకుండా చెప్పింది. "నన్ను చూస్తుండేది. నేను చున్నీ ఎట్ల ఏసుకుంటే అట్ల. నేను నవ్వి ఆగినంక ఈమె నవ్వేది, అదే నవ్వు. నేను ఒకల్లతోని ఏదన్నా మాటంటే, మరునాడు అదే మాట ఇంకొకల్లతోని అనేది, నా గొంతుతోని. చిన్నప్పుడు నాకు ఖుషీ. పెద్దగైనంక పోరీలంతా నవ్వుడు మొదలుపెట్టిన్రు. నా నకల్ చేస్తున్నదనుకున్న మేడం. నన్ను మజాక్ చేస్తున్నదనుకున్న. షాదీ కుదిరినంక ఇంట్ల గుడ అన్నరు, ఆ పిల్ల నీ లెక్క చేసి చూపెడ్తదని. అందుకే మాట్లాడుడు బంద్ చేసిన. నంబర్ ఇయ్యలే."

పెళ్లి పనుల వల్ల అనుకున్నాను ఇన్నేళ్లూ. ఆమెలా ఉండటం తప్ప ఆమెకు దగ్గరగా ఉండే ఇంకో దారి నాకు తెలియదు. దాన్నే ఆమె ఎగతాళి అనుకుంది. పదిహేనేళ్లు పైగా ఆమె ఒక అవమానాన్ని మోసింది, నేను ఒక కారణం తెలియని వెలితిని మోశాను.

బయటికొచ్చాక మెట్ల మీద ఆమె నా మణికట్టు పట్టుకుంది. "అప్పుడే చెప్పరాదా?"

"ఏం చెప్పాలె? నాకే తెల్వదు గద."

ఆమె ఏడ్చింది. నేను ఏడవాలని తెలుసు కాని రాలేదు. ఆమె ముందు ఆమెలా కళ్లు పెద్దవి చేయలేను కదా. ఖాళీ ముఖంతో నిలబడ్డాను. ఆ తర్వాత ఆమె రెండుసార్లు మా ఇంటికి వచ్చింది. నేను చాయ్ పెట్టాను. ఇద్దరం పిల్లల చదువుల గురించి, యాకుత్‌పుర నీళ్ల గురించి మాట్లాడుకున్నాం. నేను ఏ మాటకు నవ్వబోయినా ఆమె చూపు నా చేతి మీద పడేది, అది గొంతు దాకా పోతుందేమోనని. అది గమనించి నేను చేతులు ఒళ్లో పెట్టుకునేదాన్ని. నా సొంత నవ్వు ఎలా ఉంటుందో నాకింకా తెలియదు. మూడోసారి రాలేదు. ఫోన్లో మాత్రం పండుగకు ఈద్ ముబారక్, దసరా శుభాకాంక్షలు నడుస్తున్నాయి.

దోస్తు చెప్పినదీ, నేను చెప్పినదీ కలిపి సైకాలజిస్టు ఖాయం చేసింది. "మీది ఆటిజమే. మీరు చెడ్డ కోడలూ కాదు, పొగరుబోతూ కాదు. ముప్పై ఏళ్లు ఒక పరాయి భాష తప్పు లేకుండా మాట్లాడి అలసిపోయారు" అంది. తేలికపడతానని అనుకున్నాను. కాసేపు తేలికపడ్డాను కూడా. బస్టాప్‌లో నిలబడ్డాక, తొమ్మిదేళ్ల వయసులో ఆ బెంచీ మీద ఎవరైనా ఒక్కసారి వంగి చూసి ఉంటే అనే ఆలోచన వచ్చింది. ఇక అది వదల్లేదు. పెళ్లి, మాత్రలు, కాలేజీ, దోస్తు, ఒక్కొక్కటీ తీసి చూసుకుంటూ రెండు బస్సులు వదిలేశాను.

అమ్మకు ఆ సాయంత్రమే చెప్పాను. వంటింట్లో పీట మీద కూర్చుని చిక్కుడుకాయల ఈనెలు తీస్తోంది. విని చేతిలోది ఆపింది. నేను అరుస్తుందనుకున్నాను, లేక ఏడుస్తుందనుకున్నాను.

"అయితే వాన్నెవరు జూడాలె?" అంది.

నాకు వెంటనే అర్థం కాలేదు.

"నేను పోయినంక వాన్నెవరు జూడాలె? నువ్వున్నవనే గద ఇన్నొద్దులు ధైర్యంగున్న. నువ్వు గుడ గిట్లనే అయితే, మీ ఇద్దర్ని ఎవరు జూడాలె?"

"నేనే చూస్తనమ్మా. ఇప్పుడు కొత్తగ ఏం మారలే. నేను నిన్న ఎట్లున్ననో గట్లనే ఉన్న."

అమ్మ తల అడ్డంగా ఊపింది. ఆమెకు మారింది. ఇన్నేళ్లూ రాత్రి పడుకునేముందు ఆమె లెక్కవేసుకునే ధైర్యం ఒకటి ఉండేది, దాన్ని నేను లాగేశాను. చిక్కుడుకాయల గిన్నె అలాగే వదిలేసి వెళ్లి తమ్ముడి పక్కన పడుకుంది. మిగిలినవి నేను తీసి వండాను. వారం దాకా నాతో పనికి కావలసిన మాటలే మాట్లాడింది. కోపం నా మీదో, డాక్టర్ల మీదో, తన మీదో నాకు తెలియలేదు. ముఖాలు చదవడం నాకు ఎప్పుడూ రాలేదు కదా.

ఆఫీసులో ఎవరికీ చెప్పలేదు. మధ్యాహ్నం మాత్రం డబ్బా తీసుకుని పాత ఫైళ్ల గదిలో కూర్చుంటున్నాను. మొదట్లో పిలిచేవాళ్లు, ఇప్పుడు పిలవరు. తమ్ముడి చేతులు కొరుక్కోవడం కొంత తగ్గింది. అమ్మకు మోకాళ్లు పట్టేశాయి. అమ్మ తర్వాత ఏమిటన్నది మా ఇద్దరిలో ఎవరమూ ఎత్తడం లేదు.

కాని ఈ మధ్య అమ్మ ఒక పని చేస్తోంది. చేతిలో పనేమీ లేనప్పుడు నన్ను పిలిచి నా చిన్నతనం చెబుతోంది.

"నీకు పాలల్ల మీగడ పడకపోతుండె. యాదికున్నదా? జర తేలితే సాలు, గ్లాసు ఇసిరి గొడ్తుండె. గోడంత పాలు. మీ బాపు నవ్వుతుండె."

అది తమ్ముడు. నేను మీగడ కళ్లు మూసుకుని మింగేదాన్ని. నేను ఏనాడూ ఏ గ్లాసూ విసరలేదు. అమ్మ మాత్రం నా ముఖంలోకి చూస్తూ ఆగింది, సైకాలజిస్టు ముందు వెతికినప్పటిలాగే నుదురు ముడుచుకుని. ఇప్పుడు ఏదో దొరికిందని అనుకుంటోంది.

"ఔనమ్మా, యాదికున్నది" అన్నాను.

నిన్న మేనత్త వస్తే ఆమెకూ అదే చెప్పింది.